నాన్న బండికి కొత్త కాళ్లు

"అక్కా, ఈసారి వస్తే బండిని గుర్తుపట్టలేవు" అన్నాడు తమ్ముడు ఫోన్లో. రంగు వేయించాడు కాబోలనుకున్నాను. మా పుట్టిల్లు చోడవరం పక్క పల్లే. ఆదివారం వెళ్లి చూద్దును కదా... ముందు చక్రాలు ఎప్పటిలాగే సన్నగా, వెనకవి మాత్రం ట్రాక్టరు దగ్గర అరువు తెచ్చుకున్నట్టు ఇంతింత వెడల్పు! పట్టుచీర కట్టి గంబూట్లు తొడుక్కున్నట్టుంది మా నాన్న జీపు పికప్పు.

అది 1960ల చివరి బండి. గానుగ రోజుల్లో బెల్లం దిమ్మలు వేసుకుని అనకాపల్లి మార్కెట్టుకి వెళ్లేది. నేను డిగ్రీ పరీక్షలకి వెళ్లింది కూడా ఆ దిమ్మల పక్కన కూర్చునే. అందుకే దాని కాళ్లు మారిస్తే నాకు మనసొప్పలేదు. నాన్న మాత్రం అరుగు మీద కూర్చుని ఒక్క మాటే అన్నారు. "బరువెయ్యండి, తెలుస్తాది."

తెలిసింది. నాలుగు రోజుల తర్వాత దిమ్మలతో బయల్దేరిన బండి మొదటి మలుపులోనే రబ్బరు కాలిన కంపు కొట్టిందట. ఖాళీ బండికి టైరుకీ మడ్గార్డుకీ మధ్య బాగానే జాగా ఉంది. బరువు పడి కమాను కట్టలు కిందికి దిగేసరికి మడ్గార్డు అంచు టైరుని గొరిగేసింది. నయం, నెమ్మదిగా వెళ్తున్నాడు కాబట్టి టైరు పేలలేదు.

కథలు రాసుకునే నాకు యాక్సిల్ సంగతి ఎందుకంటారా? ఆ బండిలో రేపు నా పిల్లలూ ఎక్కుతారు కదా! అందుకే తమ్ముడితో పాటు నేనూ మెకానిక్ మేస్త్రి దగ్గరికెళ్లాను.

"సూడండమ్మా, కొలత తెలుసుకోకుండా సోకు చేస్తే ఇలాగే ఉంటాది" అని మొదలుపెట్టాడాయన. ఈ బండి అసలు టైరు 6.00-16. అంటే సుమారు ఆరంగుళాల వెడల్పు, పదహారంగుళాల రిమ్ము. తమ్ముడు వేసింది 235/75 ఆర్ 15. ఆ 235 మిల్లీమీటర్లంటే తొమ్మిదింపావు అంగుళాలు. ఎత్తులో పెద్ద తేడా లేదు గానీ, చక్రం బయటికి పొడుచుకొచ్చింది. బరువైన బిందెని నడుముకి ఆనించి మోయడానికీ, చెయ్యి చాచి మోయడానికీ ఉన్న తేడాయే ఇదీను. చక్రం ఎంత బయటికొస్తే హబ్బు లోపలి బేరింగుకి అంత శ్రమ. పైగా వెడల్పు టైరు మెత్తటి నేలలో దిగబడకుండా తేలుతుంది గానీ, నీళ్లు నిలిచిన తారురోడ్డు మీద వేగంగా వెళ్తే సన్నటిదానికంటే త్వరగా పట్టు తప్పుతుంది.

బండిని జాకీ మీద ఎత్తి చూస్తే అసలు జబ్బు మరొకటి బయటపడింది. వెనక యాక్సిల్లో క్రౌను, పినియను పళ్లు అరిగిపోయాయి. తుక్కు దుకాణంలో ఇంకో జీపు యాక్సిల్ దొరికిందని తమ్ముడు సంబరపడ్డాడు. మేస్త్రి ముందు పళ్లు లెక్కపెట్టమన్నాడు. మా బండిది క్రౌనుకి 43, పినియనుకి 8. అంటే షాఫ్టు ఐదు చుట్లు దాటి తిరిగితే చక్రం తిరిగేది ఒక్క చుట్టు. బరువు లాగే బలం అందులోనే ఉంది. దొరికినదానికి 39, 8. వేగం పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండికైతే ముందూ వెనకా లెక్క కలవకపోతే గేర్లే విరుగుతాయట. అదీగాక, కమాను కట్టలు కూర్చునే పీటలు కొత్తగా వెల్డింగు చెయ్యాలి. ఆ వేడికి యాక్సిల్ గొట్టం వంగినా, పీట కోణం తప్పినా క్రాస్ జాయింటు నిలవదు.

కాగితాల గొడవా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నమోదు చేసిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, మూలరూపంలోనే ఉన్న బండిని వింటేజ్ బండిగా రిజిస్టరు చేయించుకోవచ్చు. అలా చేస్తే మాత్రం రోజువారీ పనులకి తిప్పకూడదు. "బెల్లం మానేశాక చూద్దాంలే" అన్నాడు తమ్ముడు.

చివరికి నెలరోజులు తిరిగి అదే మోడలు జీపు యాక్సిల్, అవే 43 పళ్లూ 8 పళ్లూ ఉన్నది, సంపాదించాడు. పీటలు అక్కడికక్కడే సరిపోయాయి, వెల్డింగు లేదు. పాత కొలత టైర్లే మళ్లీ ఎక్కాయి. నిండా బరువేసి, మలుపు తిప్పి, ఆపి, మడ్గార్డు కింద చెయ్యి పెట్టి నేనే చూశాను.

మరి ఆ వెడల్పు చక్రాలో? ఇనప కమ్మీ చక్రాల ఎద్దుబండి వాన పడితే చెరకు తోటలో దిగబడిపోయేది కదా... అరిగిన పళ్లకి లాగే పని చేతకాదు గానీ, ఎద్దుల వెనక దొర్లే పనికి పళ్లెందుకు? నాన్న బండి పాత యాక్సిలుకి కొత్త బేరింగులు వేసి, ఆ చక్రాలు బిగించి ఎద్దుబండి కిందికి చేర్చారు. మడ్గార్డూ లేదు, వేగమూ లేదు, గొరిగే భయమూ లేదు!

మొన్న వెళ్లినప్పుడు ఆ బండి తొట్టి మీద నాన్న కూర్చునున్నారు. "ఎలా ఉంది నాన్నా?" అన్నాను.

"నా పాత కాళ్లే కదమ్మా, ఎరిగున్నవే" అన్నారు.