కదలకుండా కూర్చుంటే మచ్చికైనట్టు కాదు

గినీ పిగ్ పిల్లను కొత్తగా తెచ్చుకున్నవాళ్లు మురిసిపోతూ చెప్పే మాట ఒకటుంది: “చేతిలోకి తీసుకుంటే కదలనే కదలదండీ, ఒక్కరోజులో మచ్చికైపోయింది.” ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అది మచ్చిక కాదు, భయం.

దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో గద్దలకూ నక్కలకూ ఆహారమవుతూ బతికిన జాతి ఇది. దారి దొరికితే పరుగు తీయడం, దొరక్కపోతే బిగుసుకుపోవడం, దీనికి తెలిసిన ఉపాయాలు ఈ రెండే. వేటాడే కంటికి ముందు పడేది కదిలే ప్రాణి కాబట్టి కదలకపోతే బతకొచ్చు. పైనుంచి మన చెయ్యి దిగగానే పిల్ల రాయిలా అయిపోయేది అందుకే. మనం దాన్ని బుద్ధిమంతురాలంటాం.

భయపడ్డ పిల్ల మేత ముట్టదు. అసలు ప్రమాదం ఇక్కడుంది. కుక్క ఒకపూట పస్తున్నా తట్టుకుంటుంది, దీని పొట్ట తీరు వేరు. గడ్డిలోని పీచును పులియబెట్టే సూక్ష్మజీవులు దీని పెద్దపేగు మొదట్లో ఉన్న పెద్ద సంచిలో ఉంటాయి. పైనుంచి పీచు వస్తూ ఉంటేనే పేగు కదులుతుంది. మేత ఆగితే కదలిక మందగిస్తుంది. లోపలి పదార్థం గట్టిపడి, గాలి చేరి పొట్ట ఉబ్బుతుంది. నొప్పి వల్ల పిల్ల ఇంకా తినదు. తినకపోయేకొద్దీ పేగు ఇంకా ఆగుతుంది. రోజంతా మేత ముట్టలేదంటే ఆ రోజే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. పెంటికలు చిన్నవయ్యాయన్నా, తగ్గాయన్నా అది తొలి హెచ్చరిక. వాటిలో కొన్నింటిని అది మళ్లీ తింటే మాత్రం కంగారు పడకండి. అందులోని విటమిన్ల కోసం తింటుంది, అది దాని జీర్ణక్రియలో భాగం.

కొత్తచోటి భయం మనకు తెలియనిది కాదు. అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో 1971లోనే గురుకుల పాఠశాల మొదలైంది. హాస్టలుకు పిల్లల్ని పంపడం మన ఇళ్లకు కొత్త కాదు. తొలిరోజు హాస్టల్లో పిల్లవాడు ఎలా ఉంటాడో గుర్తు తెచ్చుకోండి. అన్నం సహించదు, ట్రంకుపెట్టె పక్కనుంచి లేవడు. హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు అట్టపెట్టెలో, బస్సు కుదుపుల్లో పాలమూరుకో నల్లగొండకో వచ్చిన గినీ పిగ్ పిల్ల పరిస్థితీ అదే. దానికి ట్రంకుపెట్టె అంటే దాక్కునే గూడు. పక్కమంచం నేస్తం అంటే ఇంకో గినీ పిగ్, ఒంటరిగా పెంచకూడని జంతువిది. హాస్టల్ గంట అంటే రోజూ ఒకే వేళకు పడే మేత. వార్డెన్ మీరు. కొత్త పిల్లవాణ్ని తొలిరోజే స్టేజీ ఎక్కించి పాట పాడమనే వార్డెన్ ఉంటాడా? చుట్టాలొచ్చారని పిల్లను చేతులు మార్చేవాళ్లు చేసేది సరిగ్గా అదే. తొలివారం ఆదివారం చుట్టాలను గేటు బయటే ఆపండి.

కాబట్టి మొదటి రెండు మూడు రోజులు మేత, నీళ్లు పెట్టడానికి తప్ప గూట్లో చెయ్యి పెట్టొద్దు. పక్కనే నేలమీద కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుకోండి. మీరున్నా అది గడ్డి నములుతోందంటే మొదటి మెట్టు ఎక్కినట్టు. తర్వాత కొత్తిమీర రెబ్బ చేత్తో అందించండి. చేతిలోంచి తినడం అలవాటయ్యాకే ఎత్తుకోవడం. అప్పుడు కూడా పైనుంచి వద్దు. పక్కనుంచి ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి పిర్రల కింద పెట్టి గుండెకు ఆనించుకోండి. ఇంట్లోని చిన్నపిల్లలైతే నేలమీద కూర్చునే పట్టుకోవాలి. నడుమెత్తు నుంచి జారిపడితే ఎముక విరుగుతుంది. గూట్లో ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి గంతులేసిందా, అప్పుడు మురిసిపోండి. సంతోషంగా ఉందనడానికి అదే గుర్తు.

మేతలో సింహభాగం గడ్డే. మందులు కొట్టని చోట కోసిన గరిక మంచిది. వరిగడ్డిలో సత్తువ తక్కువ, అదొక్కటే చాలదు. లేత జొన్న పిలకలు వద్దేవద్దు. వాటిలోని విషం వల్ల పశువులకు నాము పడుతుందని మన కాపరులను ఎవరినడిగినా చెబుతారు. మనలాగే గినీ పిగ్ శరీరం కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే శాస్త్రవేత్తలు విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీని ఈ జంతువుల్లో గమనించారు. మనిషి రోగం మూలం వెతికే పనికి అదే దారి చూపింది. ఇదే నాకు ఈ జంతువు మీద గౌరవం. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి అందాలి. క్యాప్సికమ్ ముక్క, కొత్తిమీర రోజూ పెట్టండి. నల్లగొండ బత్తాయి తొనలో చిన్నముక్క వారానికి ఒకటి రెండుసార్లు చాలు, అందులో పులుపూ చక్కెరా ఉన్నాయి. అన్నం, రొట్టె, బిస్కెట్ అసలొద్దు.

నీళ్ల దగ్గర జాగ్రత్త. దీని పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. తయారవుతున్న పంటిని ఎక్కువైన ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు వేరే చెప్పాలా? ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు మానేసి మీరు తాగే మంచినీళ్లే పెట్టండి.

చల్లని కొండల జంతువు కాబట్టి 30 డిగ్రీల దగ్గరే దీనికి కష్టం మొదలవుతుంది. మన దగ్గర మే నెలలో 45 కూడా చూస్తాం. రేకుల కింద, మేడమీద, అద్దాల తొట్టిలో ఉంచితే వడదెబ్బకు పోతుంది. ఇంట్లో నీడపట్టున గూడు పెట్టి, అడుగున తాండూరు బండ ముక్క వేసి, దాక్కోవడానికి పాత మట్టికుండను పక్కకు పడుకోబెట్టండి. గాలి ఆడాలి.

మిగతావి గబగబా చెబుతాను. కొనేటప్పుడు రెండూ ఆడవో రెండూ మగవో వైద్యుడితో చూపించుకోండి. నెల వయసుకే ఆడపిల్ల చూలు కట్టగలదు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ పోయొద్దు, పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీస్తుంది. స్నానాలు పోయొద్దు. దిష్టి తగలకుండా మెడకు నల్లదారం కట్టేవాళ్లూ ఉన్నారు. పెరిగే పిల్ల మెడకు ఆ దారం ఉరి అవుతుంది. దిష్టివల్ల ఏ గినీ పిగ్గూ చావలేదు.

వీలైతే వానలు పడ్డాకే కొనండి. వంటింటి కాటా మీద వారానికోసారి తూచి, బరువు క్యాలెండర్ మీద రాయండి. పిల్ల కుదురుకుందో లేదో చేతిలో కూర్చున్న తీరు చెప్పదు. వారం వారం పెరిగే బరువే చెబుతుంది.