ఆకాశంలో చీమ ఆమ్లం

చీమలలోని ఘాటైన ద్రవాన్ని గురించి ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ రే 1671లోనే ప్రస్తావించాడు. దానికే తరువాత ఫార్మిక్ ఆమ్లమని పేరు వచ్చింది. లాటిన్‌లో ‘ఫార్మికా’ అంటే చీమ. విచిత్రమేమంటే, ఈ ఆమ్లం మన తలపై గాలిలోనూ ఉంది. చెట్లు విడిచే వాయువులు సూర్యకాంతిలో మార్పు చెందినప్పుడు, అడవులు తగలబడినప్పుడు ఇది పుడుతుంది. ఆమ్లవర్షమనగానే కర్మాగారాల పొగ గుర్తుకు వస్తుంది. కాని కర్మాగారాలకు దూరమైన ఉత్తర ఆస్ట్రేలియాలోని కేథరీన్ వంటి చోట్ల వాననీటి ఆమ్లత్వంలో అధికభాగం ఇటువంటి సేంద్రియ ఆమ్లాలదే.

నేలమీది పరికరం తానున్న చోటి గాలినే ఎరుగును. ఆమ్లం మేఘాలలో పుడుతున్నదా, నేలలో ఇంకిపోతున్నదా తెలియాలంటే పొరలుపొరలుగా పైకి వెళ్ళాలి. అందుకే విమానం. అది సెకనుకు సుమారు నూరు మీటర్లు సాగిపోతుంది కనుక, పరికరం కూడా అంత త్వరగానే జవాబు చెప్పాలి. వెదకవలసినదో, లక్ష కోట్ల అణువులలో కొన్ని వందలు మాత్రమే!

ఇందుకు వాడే రసాయన అయనీకరణ ద్రవ్యరాశి వర్ణపటమాపకం పేరు పొడవైనదే గాని, దాని పని తేలికగా అర్థమవుతుంది. లోపలికి పీల్చిన గాలిలో అయొడైడ్ అయానులను కలుపుతారు. అయొడైడ్ భారం 127, ఫార్మిక్ ఆమ్లం భారం 46. రెండూ అతుక్కుంటే 173. ఆ భారంగల అయానులను పరికరం లెక్కిస్తుంది.

అసలు చిక్కు గొట్టంలో ఉంది. ఆమ్లం గొట్టపు గోడలకు అంటుకొని, తరువాత మెల్లగా విడివడుతుంది. విమానం పొగను దాటిపోయినా పరికరం ఇంకా పొగనే చూపుతుంది! కనుక పొట్టి టెఫ్లాన్ గొట్టాలను వేడిచేసి వాడతారు. నడుమనడుమ ఆమ్లరహితమైన గాలిని పంపి సున్నాను సరిచూస్తారు. తెలిసిన మోతాదును పంపి లెక్కను సవరిస్తారు. గాలిలోని తేమ మారితే ఈ లెక్కా మారుతుంది. ఈ పరిశోధనలో నేర్పంతా ఇక్కడే ఉంది. సున్నా నమ్మదగినది కానప్పుడు అంకెకు విలువ లేదు.

2012లో వెలువడిన ఉపగ్రహ పరిశీలన ప్రకారం ఏటా పది కోట్ల టన్నులకు పైగా ఫార్మిక్ ఆమ్లం పుడుతోంది. తెలిసిన మూలాలన్నీ కలిపినా అందులో సగానికి మించలేదు. మరి మిగిలినది ఎక్కడిది? 2021లో జర్మనీలోని యూలిష్ పరిశోధకులతో కూడిన బృందం ఒక సమాధానం చూపింది: మేఘబిందువులలో కరిగిన ఫార్మాల్డిహైడ్ నీటితో కలిసి మిథేన్‌డయోల్‌గా మారి, తిరిగి గాలిలోకి వచ్చి, అక్కడ ఫార్మిక్ ఆమ్లమవుతుంది.