వాన రాకడ

వాన రాకడయు, ప్రాణము పోకడయు ఎవరికిని తెలియవని మన పెద్దలు సామెత చెప్పిరి. సామెతను వల్లించుట సులభము. దానిని నమ్మి బ్రతుకు నడపుకొనుట కష్టము. ఆ కష్టమైన విద్యను తరతరములుగా అభ్యసించినవాడు రాయలసీమ మెట్టరైతు.

అనంతపురము ప్రాంతమున సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వానయైనను ఎప్పుడు వచ్చునో, ఎన్నాళ్లు ముఖము చాటుచేయునో తెలియదు. ఏటికి 27 కార్తెలు. ఒక్కొక్కటి 13, 14 దినములు. పంచాంగమున మృగశిర ప్రవేశించినంత మాత్రమున ఆకసమున మేఘము ప్రవేశింపవలెనను నిర్బంధము లేదు.

అందుచేత పాత రైతు జోస్యమును విని ఊరకుండక, ఒకే చేనిలో జొన్న, సజ్జ, కంది, పెసర, అలసంద, అనుము కలిపి విత్తెడివాడు. పెసర రెండు మూడు నెలలలో చేతికి వచ్చును. కంది ఐదారు నెలలు నిలుచును. దాని వేరు లోతునకు దిగి అడుగుతేమను అందుకొనును. ముందు వాన పెసరను కాచును. వెనుక వాన కందిని కాచును. ఏ పైరును నిండుగా పండకపోవచ్చును. అన్నియు ఒక్కమారే పోవుట అరుదు. ఇది వజ్రకవచమని చెప్పరాదు. 1876-78 నాటి ధాత కరువు ఏ ఉపాయమును మిగులనీయలేదు. అయినను ఏటేటి ఎగుడుదిగుడులకు ఇదియే ఊతకోల.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున వేరుసెనగ ఆ చేలను ఆక్రమించెను. రొక్కము కంటబడెను, ఏడాది బ్రతుకంతయు ఒక్క పైరుపై నిలిచెను. ఊడలు దిగువేళ వాన మొగము చాటువేసినచో చేను ఎండును గాని అప్పు ఎండదు. దీనికి రైతును నిందించుట న్యాయము కాదు. విత్తనము, విపణి, ఋణము అన్నియు అతనిని ఆ త్రోవకే నడపినవి. అనిశ్చితిని సహింపుమని అతనికి బోధించువారు పంటబీమాను, న్యాయమైన ధరను మరువరాదు.

మన ఇండ్లలోను ఇట్టి ఏకపైరు సేద్యమే సాగుచున్నది. బిడ్డకు పదియేండ్లు నిండకమున్నే ఒక్క చదువు, ఒక్క కొలువు నిర్ణయించి, ఆశలన్నియు అందే విత్తుచున్నాము. ఆ ఒక్కటి తప్పిన నాడు ఇల్లెల్ల బీడువారినట్లు విలపించుచున్నాము. బిడ్డకు చేతిపనియు, పాటయు, మరియొక భాషయు అబ్బినచో, అవి కంది వేరువలె ఎన్నడో ఆదుకొనవచ్చును.

తెలియనిదానికి తలుపు తెరచియుంచుట సోమరితనము కాదు. వాన జాడ లేని వేసవిలోనే రైతు దుక్కి దున్నును. గట్టిపడిన నేలపై కురిసిన నీరు జారిపోవును. దున్నిన నేలలో ఇంకును. వానను పిలుచు శక్తి మనకు లేదు. నేలను గుల్లపరచు శక్తి కలదు.