ఐదు వస్త్రాలు – ఆరు జతలు

ఉద్యోగినుల బీరువాలో దుస్తులకు కొరత లేకపోయినా, ఉదయం బస్సు వేళకు జత కుదరదు. ఒక్కొక్క కుర్తాకు ఒక్కొక్క సల్వారే నప్పడం ఇందుకు కారణం. ఇంట్లో కుట్టుమిషను ఉన్నవారు ఈ చిక్కును కత్తెర పట్టకముందే, రంగుల ఎంపికలోనే తీర్చుకోవచ్చు.

ముదురు నీలం, బూడిద రంగులలో రెండు సాదా సల్వార్లు. ఆ రెండింటికీ నప్పే కుర్తాలు మూడు. సోమవారం నుండి శనివారం వరకు రోజుకొక జత. కుర్తాలలో ఒకటి మంగళగిరి నూలు, మరొకటి పోచంపల్లి ఇక్కత్ అయితే అందం, హుందాతనం రెండూ దక్కుతాయి. ఇక్కత్ నమూనా ముందు, వెనుక భాగాలలో పక్క కుట్ల వద్ద కలవాలి కనుక గుడ్డ కొంచెం ఎక్కువే తీసుకోవాలి.

నూలు గుడ్డను కత్తిరించే ముందు రాత్రంతా నీటిలో నానబెట్టి, నీడన ఆరవేసి, ఇస్త్రీ చేయడం తప్పనిసరి. ముదురు రంగులను విడిగా నానబెట్టాలి. నూటికి మూడు పాళ్ళు కుంచించుకుపోయినా 40 అంగుళాల చుట్టుకొలతలో అంగుళానికి పైగా తగ్గిపోతుంది. కష్టపడి కుట్టిన కుర్తా మొదటి ఉతుకుకే బిగుతవుతుంది. పక్క కుట్లలో అంగుళం గుడ్డ వదిలితే తరువాత వదులు చేసుకోవచ్చు.

యంత్రాల చెంత పనిచేసే సోదరీమణులకు వేలాడే చున్నీ, వదులు చేతులు ప్రమాదకరం. నిప్పు, వేడి ఉన్నచోట సంస్థ ఇచ్చే రక్షణ దుస్తులే ధరించాలి. వాటి లోపల కూడా పాలిస్టరు వద్దు, అది కరిగి చర్మానికి అంటుకుంటుంది.

దర్జీలు ఆడవారి కుర్తాకు జేబు పెట్టడానికి ఎందుకో వెనుకాడతారు. మనమే కుట్టుకునేటప్పుడు ఆ లోభం దేనికి? గుర్తింపు కార్డు, తాళాలు పట్టేంత జేబును కుడిపక్క కుట్టులో అమర్చుకోండి.