చార్మినార్ దగ్గర ఫోటో దిగుతున్నారా? ముందు రెండు క్యాలెండర్లు చూడండి

గల్ఫ్ నుంచి రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే కొడుకు అమ్మీ, అబ్బాలను చార్మినార్‌కు తీసుకెళ్తాడు. గుల్జార్ హౌజ్ వైపు నిలబెట్టి ఫోటో తీస్తాడు. డిసెంబర్ మధ్యాహ్నం, మంచి ఎండ. ఇంటికొచ్చి చూస్తే ఆకాశం తెల్లగా, ముఖాలు నల్లగా ఉంటాయి. తప్పు ఫోన్‌ది కాదు. నిలబడిన దిక్కూ, వచ్చిన నెలా కుదరలేదు, అంతే.

1591లో కట్టిన చార్మినార్ నాలుగు కమాన్లు నాలుగు దిక్కులకు ఉంటాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు నుంచి నడుస్తాడు. అందుకే ఉత్తరాన ఉన్న గుల్జార్ హౌజ్ వైపు రోజంతా నీడే. ఆ నెలల్లో పొద్దున సర్దార్ మహల్ వైపు, సాయంత్రం లాడ్ బజార్ వైపు నిలబడితే వెలుగు ముఖాల మీద పడుతుంది. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ దాకా సూర్యుడు కాస్త ఉత్తరానికి జరిగి ఉదయిస్తాడు, అస్తమిస్తాడు. అప్పుడు పొద్దున, సాయంత్రం గుల్జార్ హౌజ్ వైపు కూడా ఎండ తగులుతుంది. కానీ మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పెద్దవాళ్లు ఉంటే ఫజర్ తర్వాత బయలుదేరి, 7 గంటలకల్లా ముగించుకోవడం మేలు.

మక్కా మసీదుకు లెక్క ఇంకా సులువు. ఇక్కడి నుంచి ఖిబ్లా పడమర వైపు కాబట్టి మసీదు ముందుభాగం తూర్పుకు ఉంటుంది. ఉదయం ఎండలో రాతి పనితనం స్పష్టంగా కనిపిస్తుంది. సాయంత్రం సూర్యుడు వెనక్కి వెళ్లిపోతాడు, మసీదు నల్లటి నీడలా వస్తుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు. వాన ఆగిన అరగంటకు గాలిలో దుమ్ము ఉండదు, నేల మీద నిలిచిన నీళ్లలో చార్మినార్ తలకిందులుగా కనిపిస్తుంది. అయితే 2020 అక్టోబర్ వరదలను పాతబస్తీ మర్చిపోలేదు. భారీ వర్షం హెచ్చరిక ఉంటే ఫోటోల ప్లాన్ వాయిదా వేసుకోవాలి.

ఇదంతా సూర్యుడి లెక్క. జనం, దుకాణాలు, దీపాలు నడిచేది చంద్రుడి లెక్కలో. చాంద్రమాన సంవత్సరం దాదాపు 11 రోజులు తక్కువ కాబట్టి రంజాన్ ఏటా ముందుకు జరుగుతుంది. 2016లో జూన్‌లో వానల మొదట్లో వచ్చింది. 2025లో మార్చి 2న మొదలైంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర్లో మరోసారి రానుంది. అంటే రానున్న కొన్నేళ్లు లాడ్ బజార్ రాత్రులు చల్లగా ఉంటాయి. మగ్రిబ్ తర్వాత 20 నిమిషాలు ఆకాశం ముదురు నీలంగా ఉండి, దుకాణాల దీపాలతో కలిసి చక్కగా వస్తుంది. ఉపవాసం ఉన్నవాళ్లు తొందరపడక్కర్లేదు. ఖర్జూరం తిని, నమాజ్ చదువుకుని వచ్చినా కాస్త నీలం మిగులుతుంది.

ఇంకో సంగతి. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటాయి. జుమా వేళ మక్కా మసీదు దగ్గర రద్దీ ఎక్కువ. నమాజ్‌లో ఉన్నవారిని, గాజులు కొనుక్కునే ఆడవాళ్లను అడగకుండా ఫోటో తీయడం మర్యాద కాదు.

సెలవు తేదీలు ఖాయం చేసుకునే ముందే ఈ రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. అమ్మీ, అబ్బాల ముఖాలు వెలుగులో కనపడే ఫోటో కోసం మళ్లీ రెండేళ్లు ఆగడం ఎందుకు?