గాజుతొట్టిలో మత్స్యన్యాయము

మత్స్యావతార కథ తెలుగునాట బడిపిల్లలకును తెలిసినదే. నదిలో తర్పణము విడుచుచున్న రాజర్షి దోసిటిలోనికి ఒక చేపపిల్ల వచ్చెను. పెద్ద చేపల వాత పడకుండ తనను కాపాడుమని వేడుకొనెను. ఆయన దానిని కమండలములో ఉంచెను. తెల్లవారునప్పటికి కమండలము చాలలేదు, బానలో వేసిన బాన చాలలేదు, చెరువును చాలలేదు, తుదకు సముద్రమే గతి అయ్యెను. భక్తులు ఈ కథలో భగవంతుని మహిమను చూతురు. గాజుతొట్టిలో చేపలను పెంచదలచినవారు ఇందులోనే మరి రెండు పాఠములను చదువుకొనవచ్చును. చిన్న చేపకు పెద్ద చేప వలన భయము కలదనునది మొదటిది. చేతిలో చిన్నదిగా కనిపించిన చేప ఎల్లకాలము చిన్నదిగా ఉండదనునది రెండవది.

ఈ రెండు పాఠములను మరచుట వలననే ఎన్నియో గాజుతొట్లు నెల తిరుగకుండ బోసిపోవుచున్నవి. బడికి క్రొత్తగా తొట్టి వచ్చినదనుకొందము. పిల్లల ముచ్చట కొరకు అంగడిలో కంటికి నచ్చిన రంగునెల్ల ఏరి తెత్తురు: ఒక బంగారు చేప, రెండు ఏంజెల్ చేపలు, నాలుగు చారల టైగర్ బార్బులు, అద్దమునకు కరచుకొని యుండు నల్లని సకర్ చేప ఒకటి. మొదటి వారము తొట్టి చుట్టును తిరునాళ్ల సందడి. రెండవ వారమున ఏంజెల్ చేపల రెక్కలు చీలికలై కనిపించును. మూడవ వారమున బంగారు చేప నీటి పైకి వచ్చి నోరు తెరచుచుండును. పిల్లలు చిన్నబోవుదురు. నీరు మంచిది కాదని కొందరు, మేత చాలలేదని కొందరు అందురు. నిజమునకు దోషము చేపలను ఎన్నుకొన్న నాడే జరిగినది.

నది నేర్పు నీతి

నాగావళి ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టి, పార్వతీపురము మన్యపు నేలను తడిపి, శ్రీకాకుళము పట్టణము నడుమ నుండి సాగి, కళ్లేపల్లి వద్ద సముద్రమున కలియును. ఇట్టి నదిలో బేడిసలు గుంపులుగా మిలమిలలాడుచుండును. ఇసుకదొందు ఇసుకలో పొంచి కూర్చుండును. వాలుగ లోతు మడుగులలో తిరుగాడును. వీనిలో బేడిసలను మిగిలిన రెండును తినునవే. అయినను బేడిసల వంశము నశింపలేదు. తరుముకొని వచ్చుదాని నుండి పారిపోవుటకు నదిలో దూరము కలదు. దాగుకొనుటకు వేళ్లును, రాళ్లును, నాచును కలవు. వరద వచ్చిన క్రొత్త చోట్లకు పోవుటకు దారి కలదు. బలహీనునకు నది ఇచ్చిన న్యాయము ఇదియే.

రెండడుగుల గాజుతొట్టిలో ఈ న్యాయము లేదు. పారిపోయిన చేప మరుక్షణముననే అద్దమునకు కొట్టుకొని, తరుముచున్న దాని ముందునకే తిరిగి వచ్చును. కావున తొట్టిలో నది చేయు పనిని మనుష్యుడు చేయవలసియున్నది. ఎవరి ప్రక్కన ఎవరు బ్రదుకగలరో ముందుగా అతడే ఆలోచింపవలెను. చేపల ఎంపిక అలంకారము కాదు. ఒక విధమైన ధర్మనిర్ణయము.

గాజుతొట్టి చరిత్రయు ఈ మాటనే చెప్పును. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 12 గ్యాలనుల నీటిలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటి మొక్కను ఉంచి పరిశీలించెను. మొక్క ప్రాణవాయువు నిచ్చినది గాని, దాని ఆకులు కుళ్లి నీరు చెడసాగెను. అప్పుడాయన నీటి నత్తలను వేసెను. అవి కుళ్లిన ఆకులను తినగా నీరు తేరుకొనెను. ఈ పరిశోధనను ఆయన 1850లో ప్రకటించెను. 12 గ్యాలనులనగా సుమారు 54 లీటరులు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల నేటి చిన్న తొట్టి పట్టు నీరు దాదాపుగా అంతియే. తొట్టి పుట్టిన నాటి నుండియు తగిన తోడును వెదకుటయే ఈ విద్యకు మూలము.

పేరు తెలియుట, స్వభావము తెలియుట

చేపను ఎన్నుకొనుటకు ముందు అది ఏదో ఎరుగవలెను. ఈ విషయమున ఉత్తరాంధ్ర జాలరులు పండితులకే గురువులు. ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణ తీరమున సేకరించిన 200 చేపల బొమ్మలతోను, వర్ణనలతోను 1803లో రెండు సంపుటములను వెలువరించెను. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను ఆయన అందులో తన లిపిలో వ్రాసికొనెను. మన వాలుగ పేరే ‘వల్లాగో’ యై ప్రపంచ శాస్త్ర గ్రంథములలో ఒక ప్రజాతి నామముగా నిలిచినది. కాని శాస్త్రమున ఎంత గౌరవము పొందినను వాలుగ గాజుతొట్టికి పనికిరాదు. అది మీటరు పొడవునకు పైగా పెరుగును. నోటికి పట్టిన చేపనెల్ల మ్రింగును.

చేపల పొత్తును నిర్ణయించుటకు మొదటి పరీక్ష నోరు. ఒక చేప నోటిలో మరియొక చేప పట్టునా యని చూడవలెను. ఈ చూపు నేటి పరిమాణమునకు కాక, పూర్తిగా ఎదిగిన నాటి పరిమాణమునకు అన్వయింపవలెను. రూపాయి బిళ్లంత ఏంజెల్ చేప, సన్నని నియాన్ టెట్రాల నడుమ కొన్ని నెలలు సాధువుగానే తిరుగును. ఎదిగిన పిమ్మట ఒక రాత్రి వానినే మ్రింగును. ఏటిలో పట్టి తెచ్చిన జెల్ల పిల్ల, మట్టగిడస పిల్ల కూడ ఇట్టివే. పగలు మూలను ఒదిగియుండు జెల్ల చీకటి పడగానే వేటకు బయలుదేరును.

రెండవ పరీక్ష స్వభావము. నోరు చిన్నదైనంత మాత్రమున చేప సాధువు కాదు. టైగర్ బార్బులు ఏంజెల్ చేపల పొడవైన రెక్కలను కొరుకును. పోరు చేపల మగవి రెండు ఒక్క తొట్టిలో ఉన్నచో పోరు తప్పదు. మన నదులలోనే చందా నామా అను గాజుచేప కలదు. దాని దేహము పారదర్శకమై ఎముకలు లెక్కించునట్లు కనిపించును. చూచినవారికి అంతకన్న అమాయక ప్రాణి లేదనిపించును. అది ఇతర చేపల పొలుసులను పీకి తినును! రూపము చూచి గుణమును నిర్ణయింపరాదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

మూడవది సంఘ జీవనము. గుంపులో పుట్టి గుంపులో బ్రదుకు చేపను ఒంటరిగా ఉంచుట దానిని శిక్షించుటయే. జీబ్రా చేప తన జాతివి ఆరేడు ఉన్నప్పుడు నిర్భయముగా ఈదును. ఒక్కటే యున్నచో బెదరి మూల చేరును, లేదా తోడి చేపలను వేధించును. రంగునకు ఒకటి చొప్పున పది జాతులను తెచ్చుట కన్న, రెండు మూడు జాతులనే తగిన సంఖ్యలో తెచ్చుట మేలు.

నాల్గవది నీటిలోని అంతస్తు. పైనీటిలో మేత నందుకొనునవి కొన్ని, నడుమ తిరుగునవి కొన్ని, అడుగున ఏరుకొని తినునవి కొన్ని. ఒక్కొక్క అంతస్తునకు తగిన చేపలనే ఎంచుకొన్నచో చోటునకును, మేతకును పోటీ తగ్గును. ఐదవది ఎండ. బంగారు చేప చల్లని నీటిని కోరును. వేసవిలో విజయనగరపు వడగాలికి వేడెక్కిన తొట్టి దానికి హితము కాదు. పైగా అది విస్తారముగా పెరుగును, నీటిని త్వరగా మలినము చేయును. కావున చిన్న తొట్టిలో ఉష్ణదేశపు చిరుచేపలతో దానిని కలుపరాదు.

చిన్న తొట్టికి ఒక పొత్తు

54 లీటరుల తొట్టికి తగిన పొత్తును మన దేశపు చేపలతోనే కూర్చవచ్చును. పైనీటికిని నడిమి నీటికిని జీబ్రా చేపలు ఆరు. గంగా పరీవాహక ప్రాంతపు చేపలను గురించి ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గ్రంథమున ఈ చేప తొలుత శాస్త్ర ప్రపంచమునకు పరిచితమైనది. నేడది పరిశోధనశాలలలో మాన్యమైన ప్రాణి. 2013లో ప్రకటితమైన దాని జన్యుపటమును పరిశీలింపగా, మానవ జన్యువులలో సుమారు 70 శాతమునకు సాటి జన్యువులు ఈ అంగుళమున్నర చేపలో కనిపించినవి. జీవశాస్త్రము బోధించు ఉపాధ్యాయునకు ఇంతకన్న చక్కని తోడు దొరకదు. వీనికి బదులుగా దేహముపై రెండు నల్లని చుక్కలు గల టిక్టో బార్బులను ఆరింటిని ఉంచవచ్చును.

అడుగున సన్నని ఇసుక పరచి, ఇసుకలో తల దూర్చి మేత వెదకు చిన్న లోచ్ చేపలను నాలుగింటిని వేయవచ్చును. ఇసుకను చూచి ఇసుకదొందును తెచ్చిన మాత్రము ప్రమాదము. అది పొంచియుండి చిన్న చేపలను మ్రింగును. నీటి మొక్కల నీడన మరుగుజ్జు గౌరామి జంట ఒకటి చాలును. దీని మగచేప నురుగుతో గూడు కట్టి గ్రుడ్లను కాచును. మగవి రెండైనచో పోరు మొదలగును. జీబ్రాలు ఎగురు స్వభావము కలవి గనుక తొట్టిపై మూత అవసరము. పాఠశాలలలో కిరణజన్య సంయోగక్రియను చూపుటకు తెచ్చు హైడ్రిల్లా నాచునే తొట్టిలో నాటినచో ఒక పనికి రెండు పనులు నెరవేరును.

గప్పీ చేపలు సాధువులే. అయితే అవి గ్రుడ్లు పెట్టవు, పిల్లలనే ఈనును. నాలుగు వారముల కొకమారు క్రొత్త కాన్పు. జంటను తెచ్చినవారు ఆరు నెలలకు మంద నెక్కడ ఉంచవలెనో ముందే ఆలోచింపవలెను. సూది ద్వారా కృత్రిమముగా రంగులెక్కించిన చేపలను మాత్రము కొనరాదు. ఆ రంగు కొంతకాలమునకు వెలిసిపోవును. చేప పడిన బాధకు మాత్రము పరిహారము లేదు.

ఇట్లు ఎంచిన చేపలనైనను ఒక్కనాడే తొట్టిలో పోయరాదు. చేపలు విసర్జించు అమ్మోనియా వానికే విషము. ఒక విధమైన సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరియొక విధమైనవి నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును ప్రమాదకరములు. మూడవది అంతగా హాని చేయదు. ఈ సూక్ష్మజీవులు తొట్టిలో స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. కావున చేపలను కొద్దికొద్దిగా చేర్చవలెను; వారమున కొకమారు కొంత నీటిని మాత్రము మార్చవలెను. నీరంతయు పారబోసి తొట్టిని తోమి కడుగుట శుభ్రతగా తోచును గాని, ఆ సూక్ష్మజీవులకు అది ప్రళయము. కుళాయి నీటిని ఒక దినము వెడల్పు పాత్రలో నిలువయుంచినచో అందలి క్లోరిను తొలగును. 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగా, 30 డిగ్రీలలో ఏడున్నర మిల్లీగ్రాములే కరగును. వేసవిలో చేపల సంఖ్య తక్కువగా నుండవలెననుటకు కారణమిదియే.

తొట్టిని దాటిన బాధ్యత

సకర్ చేపను మరచిపోరాదు. తొట్టిని శుభ్రము చేయునని రెండంగుళముల పిల్లను అమ్ముదురు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ జాతి అడుగునకు పైగా పెరుగును. తొట్టి చాలకపోగా యజమాని జాలిపడి దానిని చెరువులోనో ఏటిలోనో విడుచును. అతని దృష్టిలో అది జీవకారుణ్యము. కాని ఆంధ్రదేశపు నీటిలో నాటుకొన్న ఈ చేప ముండ్ల దేహముతో జాలరుల వలలను చింపుచున్నది. తినుటకును, అమ్ముటకును కొరగాకున్నది. మన చేపల మేతను, చోటును ఆక్రమించుచున్నది.

మంచి ఉద్దేశముతో జరిగినను ఇట్టి పనుల ఫలము దీర్ఘకాలము నిలుచును. దోమలను అరికట్టుటకు గాంబూసియా చేపను 1928లో మన దేశమునకు తెచ్చిరి. మన్యపు చలిజ్వరమును, మైదానపు బోదకాలును ఎరిగిన ఈ జిల్లాలకు దోమ శత్రువనుటలో సందేహము లేదు. అయితే ఆ చేప దోమ పిల్లలతో పాటు ఇతర చేపల గ్రుడ్లను, కప్ప పిల్లలను కూడ తినును. నుదుట వెండి చుక్కతో మెరయుచు దోమ పిల్లలను తిను చిన్న చేప మన తీరపు కుంటలలో అనాదిగా ఉన్నదను సంగతి ఎందరికి తెలియును? 1952లో ప్రవేశించిన తిలాపియా నేడు దేశమంతట చెరువులలో నిండియున్నది. వచ్చిన చేపను వెనుకకు పంపు మంత్రము ఇంతవరకు లేదు.

రాజర్షి తన చేపను సముద్రమున విడువగలిగెను. నేటి పెంపకందారునకు ఆ వెసులుబాటు లేదు. అతని తొట్టిలోని చేపకు నాగావళియు, వంశధారయు పుట్టినిల్లు కాకపోవచ్చును. కావున అంగడిలో నిలిచి, నీటి సంచిలో కదలుచున్న చిరుచేపను చేత బట్టిన క్షణముననే మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది ఎంత పెరుగును? ఎవరి ప్రక్కన బ్రదుకును? ఎంతకాలము దీనిని సాకగలను? ఈ ప్రశ్నలను పిల్లలచే వేయించి, జవాబులను పిల్లలచేతనే వెదకించిన బడిలో గాజుతొట్టి ఆట వస్తువుగా మిగులదు. బలవంతుని నోటికిని బలహీనుని ప్రాణమునకును నడుమ నిలుచు బాధ్యత తమదేనని ఆ పిల్లలు నేర్చుకొందురు.