మార్షల్ దీవుల వ్యాజ్యము

పసిఫిక్ మహాసముద్రమున మార్షల్ దీవులను చిన్నరాజ్యము గలదు. జనసంఖ్య అరలక్షకు లోపు. 1946 మొదలు 1958 వఱకు అమెరికా అచట 67 అణ్వస్త్రపరీక్షలు జరిపెను. 1954 మార్చి 1న బికినీలో ప్రేల్చిన బాంబుశక్తి హిరోషిమాపై పడినదానికి ఇంచుమించు వేయిరెట్లు. దాని బూడిద రాంగెలాప్ ద్వీపవాసులపై కురిసెను.

అణ్వస్త్రమొక్కటియు లేని యీ రాజ్యము 2014లో, అవి గల తొమ్మిది రాజ్యములపై హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. తనకు నష్టపరిహారము కోరలేదు. 1968 నాటి అణ్వస్త్రవ్యాప్తి నిరోధకసంధి ఆఱవ అధికరణమున, అణ్వస్త్ర నిరాయుధీకరణమునకై సద్భావముతో సంప్రదింపులు జరుపుదుమను వాగ్దానము గలదు. ఆ మాట చెల్లింపుడనియే కోరెను. సంధిలో చేరనివారికిని ఆ ధర్మము వర్తించునని వాదించెను. కనుక మన దేశమును ప్రతివాది యయ్యెను.

న్యాయస్థానాధికారమును ముందే యంగీకరించియున్న బ్రిటన్, భారత, పాకిస్థానములపై మాత్రమే విచారణ సాగెను. 2016 అక్టోబరు 5న, ఉభయపక్షములకు వివాదమే యేర్పడలేదని న్యాయస్థానము వ్యాజ్యములను త్రోసివేసెను. బ్రిటన్ విషయమున న్యాయమూర్తులు ఎనమండుగు రొకవైపు, ఎనమండుగురు వేఱొకవైపు నుండగా అధ్యక్షుని నిర్ణాయకాభిప్రాయమే తీర్పయ్యెను.

మాట తప్పిరా లేదా యను ప్రశ్న విచారణకే రాలేదు. వ్యాజ్యము వీగినను పత్రము చినుగలేదు. ఋణము నిలిచియే యున్నది. బలహీనునకు బలవంతు డిచ్చిన మాటయే యాధారము. అది చెల్లనిచో నిక సంధులెందుకు?